మూడేళ్లు నేల కిందే పనిచేసే మొక్క: బ్లూ వైల్డ్ ఇండిగో పెంపకం

ఈరోజు ఎపిసోడ్ కూరగాయల గురించి కాదు, ముందే చెప్పేస్తున్నా. గోంగూర, దొండపాదు ఎపిసోడ్లు చూసినవాళ్లు అదే వరసలో ఇంకోటి వస్తుందనుకుని ఉంటారు. ఈ మొక్కని తినలేం. తినకూడదు కూడా, ఆ సంగతి కాసేపట్లో గట్టిగా చెప్తాను. దీని పేరు బ్లూ వైల్డ్ ఇండిగో, బొటానికల్ పేరు బాప్టీసియా ఆస్ట్రాలిస్. అమెరికా ప్రెయరీల సొంత మొక్క. ప్రెయరీ అంటే చెట్లు చాలా తక్కువగా ఉండి, గడ్డీ పూలమొక్కలూ కలిసి ఏపుగా పెరిగే మైదానం. కంది, వేరుశనగ, చిక్కుడు ఏ కుటుంబమో ఇదీ అదే కుటుంబం. ఒకసారి కుదురుకుందంటే దశాబ్దాల పాటు ఒకేచోట బతుకుతుంది. ఎరువు అడగదు. నీళ్లు దాదాపు అడగదు. కాకపోతే మొదటి మూడేళ్లు మన ఓపికని బాగా పరీక్షిస్తుంది. చాలామంది ఇళ్లలో ఇది చచ్చిపోయేది ఆ మూడేళ్లలోనే, అది కూడా నిర్లక్ష్యం వల్ల కాదు, ఎక్కువ సేవ చేయడం వల్ల.

దీని గురించే ఎందుకు అంటే, మట్టి వల్ల. నేనుండేది డాలస్‌కి ఉత్తరాన. ప్లేనో, అలెన్, ఫ్రిస్కో, మెకిన్నీ, ఇలా మనవాళ్లు ఎక్కువగా ఇళ్లు కొనుక్కున్న ఈ చుట్టుపక్కల ఊళ్లు చాలావరకు బ్లాక్‌ల్యాండ్ ప్రెయరీ అనే నేల మీద ఉన్నాయి. పేరులోనే ఉంది కదా, నల్ల నేల. మాది గుంటూరు వైపు. ఇక్కడ ఆగస్టులో పెరడు బీటలు తీసి, ఆ బీటలో చెయ్యి దూరేంత సందు కనిపిస్తే కొత్తగా వచ్చినవాళ్లు కంగారుపడతారు. మాకది తెలిసిన నేలే. నల్లరేగడి! ఊరికే పోలిక చెప్పట్లేదండి, నేలల వర్గీకరణలో రెండూ ఒకే జాతి. వెర్టిసాల్ అంటారు. వాన పడితే ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుని పగులుతుంది. ఇక్కడి రకానికి హ్యూస్టన్ బ్లాక్ అని పేరు. మన వైపు రకాన్ని పాత ఇంగ్లీష్ పుస్తకాల్లో రెగుర్ అని రాస్తారు, ఆ మాట మన రేగడి నుంచే వెళ్లింది. ఇక్కడైతే వేసవిలో ఇంటి పునాది చుట్టూ కూడా నీళ్లు పెడతారు, నేల ముడుచుకుపోయి గోడలు పగలకుండా. మా నాన్నకి ఫోన్లో ఈ సంగతి చెప్తే ఇప్పటికీ నమ్మడు.

ఈ నేల మీద ఒకప్పుడున్న అసలు ప్రెయరీలో ఇప్పుడు 1 శాతం కూడా మిగల్లేదు. ముందు పత్తి సాగుకి దున్నేశారు, మిగిలిందాంట్లో మన సబ్‌డివిజన్లు లేచాయి. కొత్త ఇల్లు కొనుక్కున్నప్పుడు బిల్డర్ ఏం చేస్తాడు? పైమట్టి గీకేసి, కింద ఉన్న జిగురు మట్టిని రోలర్‌తో తొక్కించి, దాని మీద బెర్ముడా గడ్డిని చాపలా పరిచి తాళాలు చేతికిస్తాడు. "ఈ మట్టిలో ఏది వేసినా బతకట్లేదు తమ్ముడూ" అని నన్ను అడిగేవాళ్లందరి పెరటి కథ ఇదే. ఆ మట్టిలో బతకడం వేల ఏళ్లుగా తెలిసిన మొక్కలు కొన్ని ఉన్నాయి. బ్లూ వైల్డ్ ఇండిగో వాటిలో ఒకటి.

మొక్క ఎలా ఉంటుందో చూద్దాం. ఆకులు మూడు మూడుగా ఉంటాయి, జనుములా కాదు, మెంతి ఆకుని పెద్దది చేసినట్టు. రంగు ఆకుపచ్చలో కొంచెం నీలం, పైన బూడిద చల్లినట్టు. వసంతంలో నిటారుగా గెలలు లేచి ముదురు నీలం పూలు పూస్తాయి. మన దగ్గర ఏప్రిల్‌లో, పైన కాన్సస్, మిస్సోరీ వైపు మే, జూన్‌లో. ఇది తూర్పున పెన్సిల్వేనియా, జార్జియాల నుంచి పడమర నెబ్రాస్కా, కాన్సస్, కిందికి టెక్సస్ దాకా సహజంగా పెరుగుతుంది. తూర్పు రకం 3, 4 అడుగుల ఎత్తు, అంతే వెడల్పు. మైదానాల రకాన్ని మైనర్ అంటారు, అది పొట్టిగా, సుమారు 2 అడుగులు ఉంటుంది. డాలస్ వాళ్లకి ఇదే సరైనది, ఎందుకంటే ఇక్కడి నేలలో పుట్టిందే ఇది. 2010లో పెరెన్నియల్ ప్లాంట్ అసోసియేషన్ వాళ్లు ఈ జాతిని ఆ ఏడాది మొక్కగా ఎంపిక చేశారు, అప్పటి నుంచి మామూలు నర్సరీల్లో కూడా దొరుకుతోంది.

ఇండిగో అనే పేరు ఎందుకంటే, నీలిమందు. అసలు నీలిమందు మన నీలి మొక్క ఆకుల నుంచి వస్తుంది, పెడన కలంకారీకి వాడే నీలం కూడా అదే. ఇక్కడ చెరోకీ తెగవాళ్లు, తర్వాత వలస వచ్చినవాళ్లు ఈ మొక్క నుంచి నీలం రంగు తీసుకున్నారు. రంగు అంత గట్టిది కాదు. అందుకే దీనికి ఫాల్స్ ఇండిగో అని ఇంకో పేరు, దొంగ నీలి అనుకోండి. బాప్టీసియా అనే మాట కూడా గ్రీకులో ముంచడం, అద్దకం అనే అర్థం నుంచి వచ్చిందే. కాడ విరిస్తే వచ్చే రసం గాలి తగిలి నీలంగా మారుతుంది, కావాలంటే ఒక చిన్న కొమ్మ తుంచి చూడండి. చేతులు మాత్రం కడుక్కోండి.

సరే, అసలు విషయానికి వద్దాం. ఎరువు ఎందుకు అడగదు?

మనం టెన్త్‌లో చదువుకున్నాం, నత్రజని స్థాపన అని. ఎగ్జామ్‌లో 4 మార్కుల ప్రశ్న, బొమ్మ గీస్తే ఇంకో మార్కు. అప్పుడు బట్టీ పట్టాం, ఇప్పుడు అర్థం చేసుకుందాం. గాలిలో 78 శాతం నైట్రోజనే. ప్రతి మొక్కా దాంట్లో మునిగే ఉంటుంది, కానీ ముట్టుకోలేదు. ఎందుకంటే రెండు నైట్రోజన్ పరమాణువులు మూడు బంధాలతో పట్టుకుని ఉంటాయి, వాటిని విడదీయడం మహా కష్టం. యూరియా ఫ్యాక్టరీలో ఆ పని చేయాలంటే 400 డిగ్రీల పైన వేడి, వాతావరణ పీడనానికి వంద రెట్ల పైన ఒత్తిడి పెడతారు. అదే పనిని మట్టిలో ఉండే రైజోబియా అనే బ్యాక్టీరియా, మామూలు నేల చల్లదనంలో, చప్పుడు లేకుండా చేసేస్తుంది.

అయితే అది ఎవరింట్లో పడితే వాళ్లింట్లో చేయదు. మొక్క వేరు ముందు ఒక రసాయనం వదులుతుంది, నేనున్నాను రా అని. సరైన జాతి బ్యాక్టీరియా దగ్గర్లో ఉంటే అది ఇంకో రసాయనంతో జవాబిస్తుంది. సాఫ్ట్‌వేర్ వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, ఇది అచ్చంగా హ్యాండ్‌షేక్. రెండు వైపులా కీ సరిపోతేనే కనెక్షన్. సరిపోతే వేరు మీది సన్నటి నూగు వంకర తిరిగి బ్యాక్టీరియాని చుట్టుకుంటుంది, లోపలికి దారి ఇస్తుంది, అక్కడ ఒక బుడిపె కడుతుంది. వేరుశనగ మొక్క పీకినప్పుడు వేళ్ల మీద గుండ్రటి బుడిపెలు చూసే ఉంటారు, అవే. పనిచేస్తున్న బుడిపెని గోటితో చీరితే లోపల గులాబీ రంగు ఉంటుంది. అది లెగ్‌హీమోగ్లోబిన్, మన రక్తంలో హీమోగ్లోబిన్‌కి చుట్టం. నైట్రోజన్‌ని విడదీసే ఎంజైమ్‌కి ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది, కానీ బ్యాక్టీరియా బతకడానికి ఆక్సిజన్ కావాలి. అందుకని ఈ ఎర్ర పదార్థం ఆక్సిజన్‌ని పట్టుకుని కొంచెం కొంచెం అందిస్తుంది. ఇంపాజిబుల్ బర్గర్ అని శాకాహార బర్గర్ ఉంది కదా, దానికి మాంసం రంగు, రుచి వచ్చేది సోయా మొక్క లెగ్‌హీమోగ్లోబిన్ వల్లే. ఇది మన టాపిక్ కాదు, కానీ చెప్పకుండా ఉండలేకపోయా.

ఇక్కడే ముఖ్యమైన పాయింట్ ఉంది. ఈ సర్వీస్ ఫ్రీ కాదు. ఆకులు ఎండలో తయారుచేసుకున్న చక్కెరలో గణనీయమైన భాగం మొక్క ఆ బుడిపెలకి కూలీగా పంపాలి. ఒక్క నైట్రోజన్ అణువుని విడదీయడానికి కనీసం 16 ఏటీపీలు ఖర్చు, అంటే కణం వాడే శక్తి నాణేలు పదహారు. ఖరీదైన పని కాబట్టి, అవసరం ఉంటేనే చేస్తుంది. మట్టిలో నైట్రోజన్ ఎరువు దండిగా ఉంటే మొక్క బుడిపెలు కట్టడం తగ్గించేస్తుంది, ఉన్నవాటిని కూడా పస్తు పెడుతుంది. పక్కింటి నుంచి రోజూ క్యారేజీ వస్తుంటే పొయ్యి ఎవరు వెలిగిస్తారు చెప్పండి? కాబట్టి ఈ మొక్కకి యూరియా, లాన్ ఫుడ్, ఆఖరికి బాగా మగ్గిన కోళ్ల ఎరువు వేసినా కూడా మీరు డబ్బులిచ్చి దాని ఫ్యాక్టరీ మూయిస్తున్నట్టే. పైకి ఆకులు గుబురుగా వస్తాయి, కాడలు మెత్తబడి పక్కకి వాలిపోతాయి.

ఇంకో అపోహ. ఒక అక్క అడిగారు, "టమాటా మడి పక్కన ఇది పెడితే టమాటాలకి నైట్రోజన్ ఇస్తుందట కదా" అని. ఇవ్వదండి, మీరనుకున్నట్టు ఇవ్వదు. మన ఊళ్లో జీలుగ ఎలా వాడతారో గుర్తు తెచ్చుకోండి. వరి నాట్లకి ముందు జీలుగో, జనుమో, పిల్లిపెసరో చల్లుతారు. పూత దశకి రాగానే కలియదున్ని మట్టిలో కుళ్లనిస్తారు. అప్పుడే వరికి బలం. జీలుగ పక్కన నిలబడినంత మాత్రాన వరికి ఏమీ రాదని మన రైతులందరికీ తెలుసు. నైట్రోజన్ ఆ మొక్క ఒంట్లో ఉంటుంది, అది కుళ్లితేనే బయటికి వస్తుంది. బాప్టీసియా కూడా అంతే. ఏటా రాలే ఆకులు, చచ్చిపోయే సన్న వేళ్లు, పాత బుడిపెలు, వీటి ద్వారా కొంచెం కొంచెం, ఏళ్ల తరబడి మట్టికి చేరుతుంది. ప్రెయరీలో దీనికి పెద్ద పనే ఉంది. కాన్సస్ ఫ్లింట్ హిల్స్‌లో వసంతంలో గడ్డి మైదానాలు కావాలనే తగలబెడతారు, చెట్లూ పొదలూ ఆక్రమించకుండా. మంటలో గడ్డిలోని నైట్రోజన్ పొగైపోతుంది. దాన్ని మళ్లీ గాలి నుంచి తెచ్చి జమ చేసేవాళ్లలో ఈ కుటుంబం మొక్కలు ఉంటాయి. టమాటాకి మీరు కంపోస్టే వేసుకోండి.

ఇప్పుడు పెంపకం. రెండు దారులు ఉన్నాయి, మొక్క కొనడం, విత్తనం నాటడం.

మొక్క కొంటే, డాలస్ వేడికి అక్టోబర్, నవంబర్ మంచి సమయం. చలికాలమంతా నేల కింద వేళ్లు పెరుగుతాయి. వసంతంలో నర్సరీలో పువ్వుతో ఉన్నదాన్ని చూసి ముచ్చటపడి కొని మేలో నాటితే, నెల తిరిగేసరికి వంద డిగ్రీల ఎండ నెత్తి మీద ఉంటుంది. బతకదని కాదు, రోజూ కాపలా కాయాలి. నేటివ్ ప్లాంట్ సేల్స్‌లో కొంటే మైనర్ రకం ఉందా అని అడగండి. కుండీ నుంచి తీసేటప్పుడు వేళ్లు చుట్టలు చుట్టుకుపోయి ఉంటే ఆ మొక్క వద్దు, దీనికి తల్లివేరు తిన్నగా దిగాలి. పెద్ద మొక్క కన్నా చిన్న కుండీలో లేత మొక్కే త్వరగా నిలదొక్కుకుంటుంది.

విత్తనంతో అయితే చౌక, కానీ పని ఉంది. విత్తనం పైపొర గట్టిది, నీళ్లని లోపలికి రానివ్వదు. ఊరికే మట్టిలో వేస్తే కొన్ని ఈ ఏడాది, కొన్ని వచ్చే ఏడాది మొలుస్తాయి. ప్రకృతికి ఆ పద్ధతి మంచిదే, ఒక కరువు ఏడాదిలో అన్నీ పోకుండా. మనకి ఒకేసారి కావాలంటే, రెండు ముక్కల గరుకు కాగితం మధ్య విత్తనాలు పోసి పైపొర మెరుపు పోయేదాకా రుద్దండి. నెయిల్ కట్టర్‌తో అంచున చిన్న గాటు పెట్టినా సరే. తర్వాత రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. పొద్దునకి పప్పు నానినట్టు ఉబ్బినవి నాటడానికి సిద్ధం. ఉబ్బనివి ఇంకోసారి రుద్దండి. ఉబ్బినవాటిని తడి ఇసుకలో కలిపి ఒక పది రోజులు ఫ్రిజ్‌లో ఉంచితే మొలక ఇంకా మెరుగ్గా వస్తుంది. ఇడ్లీ పిండి పక్కన పెడుతున్నారు కాబట్టి డబ్బా మీద పేరు రాయండి, ఇంట్లో ఎవరైనా మెంతులనుకుంటారు. ఇదంతా వద్దనుకుంటే, రుద్దిన విత్తనాలని డిసెంబర్‌లో బయటే కుండీలో వేసేసి చలికి వదిలేయండి. కుండీ లోతుగా ఉండాలి, వెడల్పు అక్కర్లేదు.

ఇందాక హ్యాండ్‌షేక్ అన్నాను కదా. బిల్డర్ గీకేసిన మట్టిలో అవతలి పార్టీ లేకపోవచ్చు, అంటే సరైన రైజోబియా. అందుకే ప్రెయరీ విత్తనాలు అమ్మేవాళ్లు ఇనాక్యులెంట్ అని నల్లటి పొడి ఇస్తారు. తడి విత్తనాలకి అది పట్టించి వెంటనే నాటాలి. ఊళ్లో సోయా, పెసర విత్తనాలకి రైజోబియం కల్చర్ పట్టిస్తారు చూడండి, అదే పని. ఇక్కడ ఒక జాగ్రత్త. గార్డెన్ సెంటర్‌లో బఠాణీ, చిక్కుళ్లకి దొరికే ప్యాకెట్ దీనికి పనికొస్తుందని నమ్మకం లేదు, జాతి వేరు. ప్యాకెట్ మీద బాప్టీసియాకి అని ఉన్నది అడిగి తీసుకోండి. అందులో ఉన్నవి ప్రాణమున్న బ్యాక్టీరియా. కారు డ్యాష్‌బోర్డ్ మీద పెట్టి మర్చిపోతే చచ్చిపోతాయి.

నాటే చోటు జాగ్రత్తగా ఎంచుకోండి. తర్వాత మార్చడం అనేది ఉండదు. రోజుకి కనీసం ఆరు గంటల ఎండ కావాలి. నీడలో కాడలు సాగి వాలిపోతాయి. చుట్టూ 3 అడుగులు వదలండి, మొదట్లో ఆ ఖాళీ బోసిగా అనిపించినా సరే. నల్లరేగడి దీనికి ఇబ్బంది కాదు, నీళ్లు నిలవడమే ఇబ్బంది. బుడిపెలకి గాలి కావాలి, నీళ్లు నిండిన మట్టిలో గాలి ఉండదు. అందుకని వాన నీరు ఆగే పల్లం కాకుండా కొంచెం మెరక చూసుకోండి. గుంటలో పీట్ మాస్, పాటింగ్ మిక్స్ నింపకండి. జిగురు మట్టిలో మెత్తటి గుంట తవ్వితే అది గిన్నెలాగా నీళ్లు పట్టుకుంటుంది, వేరు కూడా ఆ మెత్తదనం దాటి బయటికి రాదు. తీసిన మట్టినే తిరిగి వేయండి.

మొదటి ఏడాది పైన ఒక జానెడు మొక్క కనిపిస్తుంది. రెండో ఏడాది ఇంకో రెండు కొమ్మలు. చాలామంది ఇక్కడే వదిలేస్తారు, ఇది ఎదగట్లేదు అని. ఎదుగుతోంది, కింద. నెబ్రాస్కా యూనివర్సిటీలో జాన్ వీవర్ అనే ఆయన 20వ శతాబ్దం మొదటి సగంలో ప్రెయరీలో మనిషి లోతు దాటే గోతులు తవ్వించి, ఒక్కో మొక్క వేరు ఎంత దూరం వెళ్తుందో బొమ్మలు గీశారు. ఆ బొమ్మలు చూస్తే పైన కనిపించే మొక్క చాలా చిన్న భాగం అనిపిస్తుంది. విత్తనంతో వేస్తే మొదటి పువ్వుకి మూడేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. నా ఫ్రెండ్ ఒకడు, మనవాడే, దీని గురించి విని, "గ్రీన్ కార్డ్ క్యూలో ఉన్నవాడికి మూడేళ్లు ఏంట్రా" అన్నాడు. నర్సరీ మొక్క అయితే అప్పటికే ఒకటి రెండేళ్ల వయసు ఉంటుంది కాబట్టి కొంచెం ముందే పూస్తుంది.

నీళ్ల సంగతి. మొదటి వేసవి వాన లేకపోతే వారానికోసారి, కానీ లోతుగా తడిచేలా. రోజూ స్ప్రింక్లర్‌తో పైపైన చల్లితే వేరు పైనే ఉండిపోతుంది. రెండో వేసవి ఆకులు వాడినట్టు కనిపిస్తే రెండు వారాలకోసారి. మూడో ఏడాది నుంచి మర్చిపోండి. వీలైతే ఆ మూల స్ప్రింక్లర్ హెడ్ మూసేయండి.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం వీడ్ అండ్ ఫీడ్. లాన్‌కి వేసే ఆ గుళికల్లో రెండు పదార్థాలు ఉంటాయి. ఒకటి నైట్రోజన్, రెండోది వెడల్పాకు మొక్కల్ని చంపే మందు. గడ్డికి ఏమీ కాదు, గడ్డి కానివన్నీ పోవాలని తయారుచేసింది. బాప్టీసియా గడ్డి కాదు కదా. నైట్రోజన్ దాని ఫ్యాక్టరీని మూస్తుంది, మందు దాన్నే చంపుతుంది. మీరు వేయకపోయినా, నెలవారీ లాన్ సర్వీస్ వాళ్లు వస్తారు, మీరు ఆఫీస్‌లో ఉంటారు. వాళ్లకి రెండేళ్ల చిన్న మొక్క కలుపులాగే కనిపిస్తుంది. కాబట్టి నాటిన రోజే చుట్టూ రాళ్లు పేర్చి, కర్ర పాతి, లేబుల్ పెట్టండి. లాన్ అంచుకి కొన్ని అడుగుల దూరంలో ఉంచండి. సర్వీస్ వాళ్లకి నోటిమాటగా కాకుండా రాసి ఇవ్వండి.

ఇప్పుడు ఆ గట్టి హెచ్చరిక. దీన్లో సైటిసిన్ లాంటి ఆల్కలాయిడ్లు ఉన్నాయి, విషం. జింకలూ కుందేళ్లూ ముట్టకపోవడానికి కారణం అదే. మనకి ప్రత్యేకంగా ఎందుకు చెప్తున్నానంటే, వసంతంలో నేలలోంచి వచ్చే లేత మొలకలు అచ్చం ఆస్పరాగస్‌లా ఉంటాయి. తర్వాత వచ్చే ఆకుపచ్చ కాయలు ఉబ్బి పచ్చిశనగ కాయల్లా ఉంటాయి. ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మ, తాతయ్య వాటిని చూస్తే ఒలిచి మనవడి చేతిలో పెట్టే అవకాశం నిజంగా ఉంది. విజిటర్ వీసా మీద వచ్చిన వాళ్లకి మొదటి రోజే మొక్క చూపించి చెప్పండి. ఎవరైనా తిన్నారని అనుమానం వస్తే పాయిజన్ కంట్రోల్ నంబర్ 1-800-222-1222, రోజంతా పనిచేస్తుంది, ఫ్రిజ్ మీద రాసి పెట్టుకోండి. మనిషి స్పృహ తప్పినా, ఊపిరి ఇబ్బందిగా ఉన్నా నేరుగా 911. నోట్లో ప్రతిదీ పెట్టుకునే వయసు పిల్లలుంటే రెండేళ్లు ఆగి నాటండి, లేదా కాయలు పట్టకుండా పూత అయిపోగానే గెలలు కత్తిరించండి.

పురుగుల గురించి క్లుప్తంగా. వైల్డ్ ఇండిగో డస్కీవింగ్ అని చిన్న గోధుమరంగు సీతాకోకచిలుక ఉంది, పేరే ఈ మొక్క మీద పెట్టారు. దాని గొంగళి ఆకుని మడిచి లోపల కూర్చుని తింటుంది. తిననివ్వండి, మొక్కకి ఏమీ కాదు. టెక్సస్‌లో ఇంకోటి వస్తుంది, జెనిస్టా మాత్ గొంగళి, ఒంటి మీద నలుపు తెలుపు చుక్కలతో. గుంపుగా వచ్చి ఒక్కోసారి ఆకంతా ఖాళీ చేస్తుంది. చేత్తో ఏరేయండి, గ్లవ్స్ వేసుకుని. మందు కొడితే డస్కీవింగ్ కూడా పోతుంది. పెద్ద మొక్క అయితే ఆకంతా పోయినా మళ్లీ చిగురిస్తుంది. పూలకి బంబుల్‌బీలు వస్తాయి, బరువైన తేనెటీగలు. పువ్వు రేకులు తెరవడానికి ఆ బరువే కావాలి.

వేసవి చివరికి కాయలు బొగ్గులా నల్లబడి, ఊపితే గలగలమంటాయి, లోపల విత్తనాలు విడిపోయి. శీతాకాలానికి మొక్క పైభాగం మొత్తం నల్లగా ఎండిపోతుంది. ప్రెయరీలో అయితే మొదట్లోనే విరిగి గాలికి దొర్లుకుంటూ పోతుంది, దారిపొడవునా విత్తనాలు రాలుస్తూ. మన ముంగిట్లో అది చచ్చిన మొక్కలా కనిపిస్తుంది. అప్పుడే హెచ్‌ఓఏ నుంచి లెటర్ వస్తుంది! తెలిసినవాళ్లకి ఒకరికి "చనిపోయిన మొక్కని 10 రోజుల్లో తీసేయాలి" అని నోటీస్ వచ్చింది. ఆవిడ ఫొటోలతో జవాబిచ్చారు, నిరుడు ఏప్రిల్ పువ్వుల ఫొటో జతచేసి. టెక్సస్‌లో 2013లో చేసిన చట్టం ప్రకారం నీళ్లు తక్కువ వాడే తోటల్ని హెచ్‌ఓఏ పూర్తిగా నిషేధించలేదు. ముందుగా ప్లాన్ చూపించమని అడిగే హక్కు మాత్రం వాళ్లకి ఉంది. నేను లాయర్‌ని కాదు, మీ కమ్యూనిటీ రూల్స్ చదువుకోండి. నా సలహా ఏంటంటే ముంగిట్లో పెట్టేవాళ్లు నాటకముందే అప్రూవల్ తీసుకోండి, ఎండిన కాడల్ని నేల మట్టానికి కత్తిరించేయండి. వేరుకి ఏమీ కాదు. పెరట్లో అయితే ఫిబ్రవరి దాకా ఉంచండి, చలికాలంలో చూడటానికి బాగుంటుంది.

ఆఖరి ప్రశ్న, ఇది నన్ను చాలామంది అడిగారు. "ఇల్లు మారితే మొక్కని తవ్వి తీసుకెళ్లొచ్చా?" మనలో సగం మంది పరిస్థితి ఇదే. ప్రాజెక్ట్ మారుతుంది, ఊరు మారుతుంది, వీసా రెన్యువల్ ఏమవుతుందో తెలియదు. నిజం చెప్తాను, ఏడాది లోపు మొక్క అయితే లోతుగా తవ్వి ప్రయత్నించొచ్చు. మూడేళ్లు దాటిన మొక్కని మార్చాలంటే తల్లివేరు తెగుతుంది. ఒకవేళ బతికినా మళ్లీ ఏళ్ల తరబడి మొదటి నుంచి మొదలు. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు దీన్ని వేయకపోవడమే మంచిదని కొందరంటారు. నేను అలా అనను, కానీ ఇది మీ సామాన్లలో రాదని తెలిసి వేయండి.

వెంట వచ్చేవి విత్తనాలు. ఆగస్టులో నల్లబడిన కాయల్ని, పగిలి రాలకముందే కోసి కాగితం సంచిలో వేయండి, ప్లాస్టిక్‌లో వద్దు, బూజు పడుతుంది. వారం తర్వాత ఒలిచి చూడండి. కొన్ని కాయల్లో విత్తనాలకి బదులు చిన్న ముక్కుపురుగులు ఉంటాయి, మన కందిపప్పులో పట్టే పురుగు లాంటివే. కన్నం పడ్డ గింజలు పారేయండి. మంచివాటిని ఏరి, కవరు మీద మొక్క పేరు, సంవత్సరం, "తినకూడదు" అని తెలుగులోనూ ఇంగ్లీష్‌లోనూ రాసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. ఒక కవరు పక్కింటివాళ్లకి ఇవ్వండి. ఇంకొకటి, ఇల్లు కొనుక్కున్నవాళ్లకి తాళాలతో పాటు ఇచ్చి, ఆ నల్లటి మొక్క చావలేదని, ఏప్రిల్ దాకా పీకొద్దని చెప్పండి. కాయలు ఎప్పుడు కోయాలి, లోపల పురుగుని ఎలా గుర్తుపట్టాలి అన్నది మా పెరటి మొక్క దగ్గర నిలబడి చూపిస్తాను, ఆగస్టు మొదటి వారం ఎపిసోడ్‌లో. అప్పటిదాకా ఉంటానండి.